యంత్రబండి కన్నును నిలుపు పీఠము: రూపకల్పన, ముద్రణ, కూర్పు

ప్రత్తి చేలలోను మిరప తోటలలోను చాళ్ల నడుమ తనంతట తాను నడచి గుంటక పని చేయు చిన్న యంత్రబండిని గూర్చి మన సంఘ సభ్యులలో పలువురు ప్రశ్నించుచున్నారు. కలుపు ముదిరిన దినములలో ఊరంతటికి ఒక్కమారే కూలీలు కావలసివచ్చుటయు, అప్పుడే వారు దొరకకపోవుటయు వెలుగోడు చుట్టుపట్ల నెరుగని వారు లేరు. కావున ఈ కుతూహలము సహజమే. ఇట్టి బండిని రోబో యందురు. మానవుడు కూర్చుండి నడుపని వాహనములను పరీక్షించుటకై సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ ఆవరణమున 2022 జూలైలో టిహాన్ అను పరీక్షాక్షేత్రము ప్రారంభింపబడినది. కళాశాల విద్యార్థులు సయితము నాలుగు చక్రములు, రెండు మోటారులు, ఒక బ్యాటరీ కూర్చి చిన్న బండ్లను నడిపించుచున్నారు.

బండి యంతటిని గూర్చి ఇచ్చట వ్రాయబూనలేదు. దాని ముందుభాగమున నుండి, ఎదుట ఏమున్నదో తెలుపు సెన్సారును పట్టియుంచు పీఠమును గూర్చి మాత్రమే వ్రాయుచున్నాను. ఇది అరచేత ఇముడు వస్తువు, ప్లాస్టిక్కుతో ముద్రింపదగినది, ముడిసరుకు వెల నలుబది రూపాయలు దాటదు. అంత చిన్నదానికి ఒక వ్యాసమెందులకని అడుగువారుందురు. చాలునకు అడ్డముగా ఒక పసివాడు కూర్చుండిన యెడల, ఇనుప పలుగులు తగిలించుకొని వచ్చు బండి ఆగుట యాగకపోవుట ఈ చిన్న వస్తువు వంగకుండ నిలుచుటపై ఆధారపడియున్నది. అందుచేత దీనిని కొంచెము విపులముగనే చెప్పవలసియున్నది.

మొదట సెన్సారు పనిచేయు విధము తెలిసికొనవలెను. అగ్గువగా దొరకు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అను రకమునకు రెండు చిన్న గొట్టములుండును. ఒకటి మన చెవికి వినబడని హెచ్చుస్థాయి శబ్దమును, అనగా సెకనునకు 40,000 కంపనములు గలదానిని, వెలువరించును. రెండవది దాని ప్రతిధ్వనిని వినును. గబ్బిలము చీకటిలో ఎగురుట ఈ విధముననే. శబ్దము వెడలి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము లెక్కింపబడును. ఒక మీటరు దూరమున గల గోడ వరకు పోయి వచ్చుటకు సుమారు 6 మిల్లీసెకన్లు పట్టును. ఈ సెన్సారు 2 సెంటీమీటర్లు మొదలు 4 మీటర్ల వరకు కొలుచునని తయారుచేయువారు చెప్పుదురు. చేనిలో 2 మీటర్లకు మించి నమ్మరాదు.

లెక్కకు సాధారణముగా శబ్దవేగము సెకనునకు 343 మీటర్లని తీసికొందురు. అది 20 డిగ్రీల చలువలోని వేగము. మన వేసవిలో గాలి 43 డిగ్రీలున్నప్పుడు వేగము 357 మీటర్ల ప్రాంతమున నుండును. కాబట్టి నిజముగా మీటరు దూరమున్న వస్తువును బండి 96 సెంటీమీటర్లలో నున్నట్లు తలచును. ఇది మేలైన పొరపాటే. కొంచెము ముందుగనే ఆగును. దీనికై బెంగపడనక్కరలేదు.

బెంగపడవలసినది కోణమును గూర్చి. సెన్సారు నుండి వెడలు శబ్దము దారమువలె తిన్నగా పోదు. చేతిదీపపు వెలుగువలె విచ్చుకొనుచు పోవును. దాని విప్పు మొత్తము 15 డిగ్రీలు, అనగా నడిమి గీతకు పైన ఏడున్నర, క్రింద ఏడున్నర అని తీసికొందము. సెన్సారును నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున తిన్నగా ముందునకు చూచునట్లు పెట్టినచో, ఆ విప్పు యొక్క క్రింది అంచు 152 సెంటీమీటర్ల దూరమున నేలను తాకును. నున్నని సిమెంటు గచ్చుపై ఈ శబ్దము జారి ముందునకే పోవును గాని వెనుకకు రాదు. కాబట్టి ఇంటి వసారాలో పరీక్షించినవారికి ఏ లోపమును కనబడదు. దున్నిన నల్లరేగడి చేను వేరు. అందలి ప్రతి గడ్డయు గోడవలె శబ్దమును త్రిప్పికొట్టును. 10 సెంటీమీటర్ల గడ్డ ఎదుటనున్నచో సెన్సారు దానిని 76 సెంటీమీటర్లలోనే చూచును. మీటరు లోపల ఏమి కనబడినను ఆగుమని బండికి ఆజ్ఞ ఇచ్చియుందుము గదా! బండి మట్టిగడ్డను జూచి ఆగిపోవును.

కావున సెన్సారు ముఖమును 4 డిగ్రీలు పైకెత్తవలెను. అప్పుడు అదే గడ్డ 160 సెంటీమీటర్లకు అవతలగాని విప్పులో పడదు. మరి పదిడిగ్రీలెత్తిన ఇంకను మేలు గదా యనిన, కాదు. అట్లెత్తినచో విప్పు క్రింది అంచు నేలను వదలి పైకి పోవును. మీటరు దూరమున 24 సెంటీమీటర్ల కంటె తక్కువ ఎత్తుగల దేదియు కనబడదు. చాలులో పడుకొన్న గొఱ్ఱెపిల్ల అంత ఎత్తుండదు. నాగలి కఱ్ఱు కొంచెము నిలువైన నేలలో దిగబడును, కొంచెము వాలిన పైపైన జారిపోవును. మన వడ్రంగి చీల బిగించి దానిని సరిచేయును. ఇచ్చటను అంతటి సూక్ష్మతయే కావలెను.

ఇప్పుడు పీఠము వంగినచో ఏమగునో చూడుడు. తిన్నగా నున్న సెన్సారు 4 డిగ్రీలు ముందునకు వాలినచో 98 సెంటీమీటర్లలోనే వట్టి నేల కనబడును. బండి ప్రతి అడుగునకు ఆగును. 45 మిల్లీమీటర్ల ఎత్తుగల పీఠమునకు ఈ నాలుగు డిగ్రీల వాలనగా కొన 3 మిల్లీమీటర్లు కదలుటయే. పదే పదే ఆగు బండిని చూచి విసిగిన పనివాడు ఏమి చేయును? సెన్సారు తీగను ఊడబెరికి బండిని నడుపును. చిన్న వంపు పెద్ద ప్రమాదమునకు దారితీయు మార్గమిది. మనుష్యుని విసుగును లెక్కలో చేర్చుకొననివాడు యంత్రమును చేయరాదని నా యభిప్రాయము.

పీఠమెందులకు వంగును? రెండు కారణములు: ఎండ, అదురు.

త్రీడీ ముద్రణకు ఎక్కువమంది వాడునది పీఎల్‌ఏ అను ప్లాస్టిక్కు. మొక్కజొన్న వంటి పంటల పిండిపదార్థము నుండి చేయుదురు గనుక రైతునకు చుట్టమే, ముద్రించుటకు సులువు, గట్టిగానుండును. కాని 60 డిగ్రీల ప్రాంతమున మెత్తబడును. వేసవి మధ్యాహ్నము గాలి 43 డిగ్రీలుండగా, ఎండలోని నల్లని ప్లాస్టిక్కు 60 దాటుట వింత కాదు. ఒక పాఠశాల ప్రయోగశాలలో చేసిన నల్లని పీఎల్‌ఏ పీఠమును కిందటి వేసవిలో రేకుల కప్పుపై నుంచి, దానికొక చిన్న బరువు వ్రేలాడదీసి చూచితిని. సాయంకాలమునకు అది నమస్కరించుచున్నట్లు వంగియుండెను. పీఈటీజీ అను రకము 80 డిగ్రీల వరకు ఓర్చుకొనును. మనము త్రాగునీటి సీసాలలో చూచు ప్లాస్టిక్కునకు ఇది దగ్గరి జాతి. మన పనికి ఇదియే తగినది. తెల్లనిదియో లేత బూడిద రంగుదియో తీసికొనుడు. ఏఎస్‌ఏ అనునది ఎండకు ఇంకను బాగుగ నిలుచును గాని, దానిని ముద్రించుటకు మూసియున్న యంత్రము కావలెను. వెలువడు ఆవిరి పిల్లలున్న గదిలో మంచిది కాదు.

ముద్రణ యనగా ఏమో చూడని వారికై ఒక మాట. మన పల్లెలలో మట్టిగోడను వరుసపై వరుసగా పెట్టుదురు గదా! ఒక వరుస కొంత ఆరిన పిమ్మట రెండవ వరుస. ఈ యంత్రమును అట్లే చేయును. ప్లాస్టిక్కు తీగను కరిగించి, 0.4 మిల్లీమీటర్ల రంధ్రము గుండ సన్నని పోగుగా విడుచుచు, 0.2 మిల్లీమీటర్ల మందముగల వరుసలను ఒకదానిపై నొకటి పేర్చును. ఈ పద్ధతికి స్కాట్ క్రంప్ అను అమెరికా దేశీయుడు 1989లో పేటెంటునకు దరఖాస్తు చేసెను. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమున అడ్రియన్ బౌయర్ 2005లో రెప్‌ర్యాప్ అను పని మొదలిడి, యంత్రపు నమూనాలను ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని లోకమునకు విడిచిపెట్టెను. 2009లో క్రంప్ పేటెంటు గడువు తీరినది. అంతకు పూర్వము లక్షలు పలికిన యంత్రములు ఆ తరువాత మధ్యతరగతి వారికి సయితము అందుబాటులోనికి వచ్చినవి. విత్తనము దాచుకొనక పంచిపెట్టిన రైతువలె బౌయర్ చేసిన పనిని సహకార సంఘము వారు మెచ్చుకొనకుండ నుండజాలరు.

మట్టిగోడ పగులునప్పుడు వరుసల సందునే పగులును. ముద్రించిన వస్తువును అంతే. కాడిమానును కొయ్య నార పొడవున తీయుదురే గాని అడ్డముగ తీయరు. తీసినచో మొదటి దుక్కికే విఱుగును. పీఠము ఎల్ అక్షరమువంటి మడత వస్తువు. దానిని నిలువుగా నిలిపి ముద్రించినచో, మడత యున్నచోటనే రెండు వరుసల అతుకు పడును. అదురు వచ్చి తగులు చోటును అదియే. కావున పీఠమును ప్రక్కకు పరుండబెట్టి ముద్రింపవలెను. అప్పుడు ప్రతి పోగును అడుగు పలకనుండి బయలుదేరి మడత చుట్టి నిలువు పలకలోనికి తెగకుండ పోవును. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో సగము పని యైనట్లే.

ఇక కొలతలు. అడుగు పలక 60 మిల్లీమీటర్ల చదరము, మందము 4 మిల్లీమీటర్లు. దాని ముందంచున నిలువు పలక. అడుగు నుండి మొత్తము ఎత్తు 45, మందము 4. రెండును కలియు మూల వెనుకవైపున 12 మిల్లీమీటర్ల త్రికోణపు నింపుడు, వెడల్పు పొడవునను. నిలువు పలక పైయంచు నుండి ముందునకు 3 మిల్లీమీటర్ల మందముగల చిన్న చూరు. ఇది 13 మిల్లీమీటర్లు మించరాదు. చూరు పొడవైనచో శబ్దము దానికే తగిలి తిరిగివచ్చును; బండి తన చూరునే చూచి భయపడును. సెన్సారు గొట్టములకై నిలువు పలకలో రెండు గుండ్రని రంధ్రములు. గొట్టము అడ్డుకొలత 16, రంధ్రము 16.5 ఉండవలెను. రంధ్రముల నడిమి బిందువులు అడుగు నుండి 31 మిల్లీమీటర్ల ఎత్తున నుండును. వాని మధ్య దూరము సుమారు 26. కాని తయారీదారును బట్టి కొంచెము మారుచుండును గనుక చేతనున్న సెన్సారును వెర్నియర్‌తో కొలిచి వేసికొనవలెను. ముద్రించిన రంధ్రము గీచిన దానికంటె ఎప్పుడును కొంచెము చిన్నదిగా వచ్చును. 4 మిల్లీమీటర్ల బోల్టునకు 4.4 రంధ్రము గీయుడు.

బోల్టులు మూడు. ముందు రెండు, వెనుక ఒకటి. వాని మధ్య 30 మిల్లీమీటర్లు. నాలుగెందులకు వద్దనిన, మూడుకాళ్ల పీట ఎంతటి మిట్టపల్లాల నేలపైనను ఊగదు. నాలుగుకాళ్ల మంచము ఊగును. పైగా ముందరి రెండు బోల్టుల క్రింద ఒక్కొక్క మిల్లీమీటరు వాషరును వేసినచో సెన్సారు ముఖము సుమారు 2 డిగ్రీలు లేచును. రెండేసి వేసినచో మనకు కావలసిన 4 డిగ్రీలు. వేరే కీలు, మర ఏదియు నక్కరలేదు.

ఈ బొమ్మను గీయుటకు ఫ్రీక్యాడ్, ఓపెన్‌ఎస్‌క్యాడ్ అను ఉచిత సాధనములు కంప్యూటరులో దొరకును. రెండవదానిలో కొలతలను అంకెలుగా వ్రాసిన చాలును. రేపు వేరు సెన్సారు తెచ్చినప్పుడు రెండంకెలు మార్చిన కొత్త పీఠము సిద్ధము. ముద్రించునప్పుడు వెలుపలి గోడలు నాలుగు వరుసలుండవలెనని చెప్పుడు. పరుండబెట్టినప్పుడు ఎత్తు 60 మిల్లీమీటర్లు గనుక 300 వరుసలగును. కొన్ని గంటల పని. బరువు సుమారు 37 గ్రాములు. కిలో పీఈటీజీ వేయి రూపాయల ప్రాంతమున నున్నది గనుక పైన జెప్పిన వెల తేలినది. వానకాలమున ఈ ప్లాస్టిక్కు తీగ చెమ్మ పీల్చును. చెమ్మగిల్లిన తీగతో ముద్రించిన వరుసలు సరిగ అతుకవు. విత్తనపు కాయలవలె పొడిగా డబ్బాలో దాచవలెను.

కూర్చుట చాల తేలిక. ముద్రించిన రంధ్రముల పైఅంచు కొంచెము జారియుండును. సన్నని ఆకురాయితో సరిచేయుడు. సెన్సారును వెనుకనుండి దూర్చవలెను. దాని తీగల పుల్లలు పైకి నుండునట్లు తలక్రిందుగా పెట్టుడు. క్రింది త్రికోణము తీగలకు అడ్డురాదు, కొలతకు భేదముండదు. వెనుక ఒక పట్టీమూత నుంచి 3 మిల్లీమీటర్ల స్క్రూలు రెంటితో బిగింపవలెను. మూత సెన్సారు అంచులను మాత్రమే నొక్కవలెను. నడుమ టంకపు బొడిపెలున్నవి. తీగను పీఠము కంటె క్రిందికి ఒక వంపు దింపి పిమ్మట బండిలోనికి తీసికొనిపోయినచో, జారిన నీటిబొట్టు వంపు దగ్గర నేల రాలునే గాని లోపలికి పోదు.

బండి రేకునకు పీఠమునకు నడుమ పాత సైకిలు ట్యూబు ముక్కలు వేయవలెను. ఎండిన రేగడిలోని నెఱ్ఱెలలో చక్రము పడి లేచునప్పుడు కలుగు కుదుపును ఈ రబ్బరు కొంత మ్రింగును. నట్టు అదురునకు ఊడకుండుటకు లోపల నైలాను వలయమున్న నట్టులు వాడుడు. ప్లాస్టిక్కుపై వెడల్పు వాషరు తప్పక యుండవలెను. బలమున్నది గదా యని స్పానరుతో కడదాక బిగించినచో ప్లాస్టిక్కు కొన్నాళ్లకు అణగి, బోల్టు తానే వదులగును. రబ్బరు కొంచెము ఉబ్బిన వెంటనే ఆపవలెను.

పరీక్షను మూడు విధములుగ చేయవలెను. మొదట గోడకెదురుగా 50, 100, 150 సెంటీమీటర్లలో బండి నుంచి, టేపు కొలతతో సరిపోల్చుడు. రెండవది, బండిని దున్నిన చేనిలో పలుగులు లేకుండ నడిపించి, ఏమియు లేనిచోట ఆగుచున్నదేమో చూడుడు. ఆగినచో ముందు బోల్టుల క్రింద ఇంకొక వాషరు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. మన ప్రాంతపు కాపరి గొంగడి కప్పుకొని చేనిగట్టున కూర్చుండును. మెత్తని ఉన్ని శబ్దమును పీల్చివేయును. తిరిగివచ్చు ప్రతిధ్వని బహు కొంచెము. గోడను, చేటను, పలకను చక్కగా చూచిన సెన్సారు గొంగడి కప్పుకొన్న మనుష్యుని మీటరు లోపల సయితము చూడకపోవచ్చును. కావున ఒక కఱ్ఱకు గొంగడి కప్పి చాలులో నిలిపి పరీక్షింపవలెను. పీఠమెంత బాగున్నను ఈ లోపము పోదు. అందుచేత బండి ముందు తగిలిన వెంటనే మోటారును ఆపు స్ప్రింగు కమ్మీ ఒకటియు, వెనుక నడచు మనిషి చేతికందు ఎఱ్ఱని ఆపుమీట ఒకటియు లేనిదే పలుగులు తగిలింపరాదు.

లేజరు కిరణముతో కొలుచు సెన్సారులు గలవు. అవి గొంగడిని బాగుగనే చూచును గాని మిట్టమధ్యాహ్నపు ఎండలో వాని చూపు చాల తగ్గును. రెండు రకములను ప్రక్కప్రక్కన పెట్టుకొనుట మేలు. పీఠమునకు ఇంకొక రంధ్రము చేర్చుట కష్టము కాదు.

బండికిచ్చు ఆజ్ఞలలో రెండు మాత్రము చెప్పి విడిచెదను. ఒక్క కొలతను నమ్మక అయిదు కొలతలు తీసికొని వానిలో నడిమిదానిని గ్రహింపవలెను. ఒక్కొక్క కొలతకు 60 మిల్లీసెకన్ల ఎడముండవలెను గనుక అయిదింటికి సెకనులో మూడవవంతు పట్టును. సెకనునకు అర మీటరు నడచు బండి ఈలోపున 15 సెంటీమీటర్లు పోవును. మీటరు హద్దులో దీనికి చోటున్నది. రెండవది: ప్రతిధ్వని రానప్పుడు ‘ఎదుట నేమియు లేదు’ అని బండి తలచరాదు. తీగ తెగినను ప్రతిధ్వని రాదు. కొన్ని సెకన్లపాటు ఏ ప్రతిధ్వనియు రానిచో బండి ఆగి మనిషిని పిలువవలెను.

ముద్రణ యంత్రమును సంఘమే కొనవలెనా యని ఒకరిద్దరు అడిగిరి. ఇప్పుడే వద్దని నా సలహా. నీతి ఆయోగ్ వారి అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైనది మొదలు ఎన్నో ఉన్నత పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబులు నెలకొన్నవి. వానికిచ్చు సామగ్రిలో త్రీడీ ముద్రణ యంత్రమును గలదు. ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు పిల్లలు దానిపై పనిచేయుదురు. తీగ వెల మనమిచ్చి, కొలతలు మనమిచ్చి, ముద్రణ వారిచేత చేయించుకొనిన ఉభయులకును లాభమే. తమ చేతి వస్తువు చేనిలో పనిచేయుట చూచిన పిల్లవాడు ఆ లెక్కలను మరువడు. పెద్ద భాగములు, లోహపు పనులు కావలసివచ్చినప్పుడు హైదరాబాదులో 2023 మార్చిలో తెరువబడిన టీ-వర్క్స్ వంటి చోట్లు ఉన్నవి.

సంఘము చేయవలసిన పని వేరొకటున్నది. బొమ్మయొక్క కంప్యూటరు ప్రతిని, పైన చెప్పిన కొలతల కాగితమును, ముద్రించిన పీఠములు రెంటిని కార్యాలయపు బీరువాలో నుంచవలెను. సీజనులో ఒకటి విఱిగినప్పుడు నంద్యాలకు పరుగెత్తకుండ పావుగంటలో మార్చుకొనవచ్చును. ప్రతి పీఠముపైన ముద్రించిన నెల, ప్లాస్టిక్కు రకము సిరాతో వ్రాసియుంచుడు. రెండు వేసవులు గడచినదానిని, చూచుటకు బాగున్నను, తీసివేసి క్రొత్తది బిగింపవలెను.